మనం విజిల్ ఎవరికి వేస్తున్నాం?

హాస్టల్లో మేమంతా ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ‘నార్కోస్’ చూశాం. 2015లో వచ్చిన సిరీస్ ఇది. కొలంబియా కొకైన్ డాన్ పాబ్లో ఎస్కోబార్ పోలీసులకు చిక్కకుండా తప్పించుకున్న ప్రతిసారీ మా రూమ్‌లో విజిల్సే! అందులో విమానం పేల్చే కథ కూడా ఉంది. నిజంగా 1989 నవంబర్ 27న ఆ అవియాంకా విమానంలో ఉన్న 107 మందీ చనిపోయారు. అయినా తర్వాతి ఎపిసోడ్‌లో మళ్లీ విజిల్ వేశాం.

ఎందుకంటే, కెమెరా ఎస్కోబార్ ఇంట్లోకి వెళ్తుంది. తల్లిని, భార్యాపిల్లల్ని చూపిస్తుంది. చనిపోయినవాళ్లు మాత్రం లెక్కలోనే మిగులుతారు.

కొలంబియావాళ్లకు ఇది వినోదం కాదు, బతికిన కాలం. మెడెలిన్ నగరం 2019లో ఎస్కోబార్ ఉన్న మొనాకో భవనాన్ని కూల్చి, ఆ జాగాలో బాధితుల పేరిట స్మారక పార్కు కట్టింది.

మాది మహబూబాబాద్. విజయవాడ–కాజీపేట రైలు మార్గంలో ఉంటది. గంజాయి బ్యాగులతో దొరికినవాళ్ల వార్తలు మాకు కొత్త కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. కూలికి బ్యాగు మోసిన పోరడికైనా అంతే. వాడి మీద ఎవరూ సిరీస్ తీయరు.

ఈసారి క్రైమ్ సిరీస్ చూస్తే ఒక్కటి గమనించండి: కెమెరా ఎవరి ఇంటికి అసలు పోనే లేదు?