రౌండ్, రోటండ్, రథం: ఒక చక్రం నడిచిన దారి

ఇంగ్లీషులో ‘రోటండ్’ అనే మాట ఉంది. నిఘంటువు తీస్తే ‘గుండ్రనిది’ అని కనిపిస్తుంది. కానీ చక్రాన్నీ, రూపాయి బిళ్లనీ ఎవరూ రోటండ్ అనరు, వాటికి ‘రౌండ్’ చాలు. బొద్దుగా ఉన్న మనిషినీ, పొట్ట ఉబ్బిన కూజానీ రోటండ్ అంటారు. నిండుగా మోగే కంఠానికి కూడా ఈ మాట వాడతారు. కాబట్టి అనువాదం పేపర్లో ఇది వస్తే ‘గుండ్రని మనిషి’ అని రాయకండి. ‘బొద్దుగా ఉన్న మనిషి’ అంటేనే తెలుగు.

ఈ మాటకు పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘రోట’ అంటే చక్రం, ‘రోటుండుస్’ అంటే చక్రంలా ఉన్నది. గుండ్రని భవనాన్ని ‘రోటండా’ అనడం కూడా ఇందువల్లే. రోమ్ నగరంలోని పాంథియన్ అలాంటిదే. దాని గోపురం అడ్డుకొలత సుమారు 43 మీటర్లు.

తమాషా ఏమిటంటే, రౌండ్ కూడా ఈ రోటుండుస్ నుంచి వచ్చిందే. అది ఫ్రెంచివాళ్ల నోళ్లలో నలిగి, అరిగి, పొట్టిదై ఇంగ్లీషులో చేరింది. రోటండ్ మాత్రం పండితులు లాటిన్ పుస్తకాల్లోంచి నేరుగా తెచ్చుకున్న మాట. మన వ్యాకరణం క్లాసులో చెప్పుకున్నట్టు చెప్పాలంటే రోటండ్ తత్సమం లాంటిది, రౌండ్ తద్భవం లాంటిది. మనకు రథం, అరదం ఉన్నట్టే అన్నమాట.

రథం అని ఊరికే అనలేదు. లాటిన్ రోట, సంస్కృతం రథం ఒకే ధాతువు నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. ఆ చుట్టరికానికి ఈ జంట మంచి ఉదాహరణ. రోజూ క్లాసులో పలికే రోల్ నంబరుదీ ఇదే వంశం. లాటిన్‌లో చిన్న చక్రం అనే మాట, చుట్టిన తోలు కాగితానికి పేరైంది. ఆ చుట్టలో పేర్లు రాసేవారు కనుక పేర్ల పట్టీ ‘రోల్’ అయింది.

అలాగని ‘రో’ వినిపించిన ప్రతి మాటనూ ఈ ఇంటికి చేర్చకూడదు. మన రోలు కూడా గుండ్రంగానే ఉంటుంది. కానీ దానికి రోటతో సంబంధం లేదు. తమిళంలో ‘ఉరల్’, కన్నడంలో ‘ఒరళు’, తెలుగులో ‘రోలు’. మొదటి అచ్చు జరిగి ‘ర’ ముందుకు రావడం తెలుగు అలవాటు. ఈ భాషలన్నీ ఒక కుటుంబమనీ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ ఎల్లిస్ దొర 1816లో మన మద్రాసులోనే రాశాడు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి అది ముందుమాటగా అచ్చయింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మనలో చాలామందిమి బడిలో తమిళం చదివి, తెలుగును ఇంట్లో చెవులతోనే నేర్చుకున్నాం. ఇంట్లో పెద్దవాళ్లు ‘నువ్వుల ఉండ’ అంటే, అది ‘ఎళ్ళురుండై’ నుంచి వచ్చిన కలగాపులగం తెలుగేమో అని సందేహపడి ‘లడ్డు’ అనేస్తాం. ఉండ అరువు మాట కాదు. తమిళ ఉరుండైకి, కన్నడ ఉండెకి తోబుట్టువు. సరిగ్గా తెలియక సిగ్గుపడితే మంచి మాట మన తరంతోనే ఆగిపోతుంది. అయితే పోలికలన్నీ అర్థాన్ని కాపాడవు. తెలుగులో గుండు అంటే రాయి, లేదా గొరిగిన తల. తమిళంలో లావుగా ఉన్నవాళ్లను కూడా ‘గుండు’ అంటారు. స్నేహితురాలిని అలా పిలిచే ముందు రెండు భాషల్లోనూ ఒకసారి ఆలోచించండి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో గుండ్రని వస్తువులకు వాడే మాటలు ఐదు రాసుకుని, తమిళంలో వాటికేమంటారో పక్కన రాయండి. ఏది చుట్టమో, ఏది అరువో మేడమ్ గారిని అడిగి తేల్చుకుందాం.