మీటలను గుర్తుంచుకొనుట ఎట్లు?

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల నుండి వచ్చు మనలో ఇంట కంప్యూటరు లేనివారికి ప్రయోగశాలలో దొరకు గంటయే ఆధారము. అది మౌసు వెంట చేయి తిరుగుటకే చెల్లిపోరాదు.

కంట్రోలు మీటను నొక్కిపట్టి, క్రింది వరుసలో ఎడమనున్న నాలుగు అక్షరములను చూడుడు. జెడ్ చేసిన పనిని రద్దుపరచును. ఇది యొక్కటి వచ్చినను భయము సగము తీరును. కత్తెర వలె నున్న ఎక్స్ కత్తిరించును, సి నకలు తీయును, వి అతికించును. ఈ కత్తిరించి అతికించు పద్ధతిని 1970 దశకమున అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయములో లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించిరి.

రెండు భాషలు వ్రాయు మనకు మరొకటి ముఖ్యము. ఉర్దూ కీబోర్డు చేర్చియున్న కంప్యూటరులో, వర్డ్ తెరచి, కంట్రోలుతో కుడి షిఫ్టు నొక్కిన పంక్తి కుడినుండి మొదలగును. ఎడమ షిఫ్టు నొక్కిన ఎడమకు మరలును. విండోస్ మీటతో స్పేసుబారు నొక్కిన భాష మారును.

బట్టీపట్టుట వృథా. కాగితముపై మీటలు గీసికొని, దినమునకు రెండింటిని వ్రేళ్ళకు అలవాటు చేయుడు.