సొమ్ము మనది, తాళంచెవి ఎవరిది?

“క్రిప్టో కరెన్సీ” అన్న మాట నేడు మన హాస్టల్ గదుల్లో సినిమా కబుర్లతో సమానంగా వినిపిస్తున్నది. ధర పెరిగిందా, తగ్గిందా అన్న చర్చే తప్ప, కొన్న నాణెం ఎవరి చేతిలో ఉంటున్నదన్న విచారణ మనలో అరుదు. ఆ ప్రశ్నకు సమాధానంగా వచ్చినవే వికేంద్రీకృత ఎక్స్ఛేంజీలు. వాటి ప్రయోజనాలను నాకు తెలిసినంత మేరకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మామూలు ఎక్స్ఛేంజీలో మన నాణేలు కంపెనీ అధీనంలో ఉంటాయి. మనకు మిగిలేది వాళ్ల పుస్తకంలో ఒక పద్దు. షావుకారు దగ్గర సొమ్ము దాచుకున్నట్టే. షావుకారు మంచివాడైతే సరే, కాకపోతే? టోక్యోలోని మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీస్తూ, సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయన్నది. వాటిలో దాదాపు 2,00,000 మాత్రం తర్వాత దొరికాయి. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలింది. ఖాతాదారుల సొమ్ము దారిమళ్లించిన నేరానికి దాని స్థాపకుడు శామ్ బాంక్‌మన్-ఫ్రీడ్‌కు 2024లో అమెరికా కోర్టు 25 ఏళ్ల జైలుశిక్ష విధించింది. 2024 జులైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలపాలయ్యాయి. ఖాతాదారులు తమ నాణేలను నెలల తరబడి వెనక్కి తీసుకోలేకపోయారు.

వికేంద్రీకృత ఎక్స్ఛేంజీలో ఈ షావుకారే లేడు. హేడెన్ ఆడమ్స్ 2018 నవంబరులో ఎథీరియం మీద ప్రారంభించిన యూనిస్వాప్‌నే చూద్దాం. అక్కడ రెండు రకాల నాణేలున్న ఉమ్మడి నిధి ఒకటి ఉంటుంది. ఆ రెండు సంఖ్యల లబ్ధం మారకూడదన్నదే దాని తొలి సూత్రం. నిధిలో 10 ఈథర్లు, డాలరుతో సమానమైన నాణేలు 20,000 ఉన్నాయనుకోండి. లబ్ధం 2,00,000. నేను 1 ఈథర్ తీసుకుంటే 9 మిగులుతాయి. లబ్ధం నిలవాలంటే రెండో వైపు సుమారు 22,222 ఉండాలి. అంటే నేను 2,222 చెల్లించాలి, రుసుము అదనం. నా తర్వాత వచ్చేవాడికి ధర ఇంకా పెరుగుతుంది. ధర కట్టే దళారి లేడు. హైస్కూలు లెక్క చాలు!

దీనివల్ల లాభాలు మూడు. మొదటిది, మార్పిడి జరిగే క్షణం వరకూ నాణెం మన దగ్గరే, తాళంచెవి వంటి రహస్య సంకేతం మన చేతిలోనే ఉంటాయి. రెండవది, నిధిలో ఎంత ఉన్నదో ఎవరైనా చూడవచ్చు. దొంగలెక్కలు రాయడం సాగదు. మూడవది, మనమూ నిధిలో నాణేలు జమచేసి రుసుములో వాటా పొందవచ్చు. తొలి యూనిస్వాప్‌లో ఆ రుసుము నూటికి 0.3.

అయితే చిక్కులూ లేకపోలేదు. సంకేతం పోతే మొరపెట్టుకోవడానికి మేనేజరుండడు. ప్రోగ్రాములో లోపముంటే నిధికే కన్నం పడుతుంది. నకిలీ నాణేలను ఏరిపారేసే కాపలాదారూ ఉండడు. జమచేసిన నాణేల ధరలు బాగా మారితే, వాటాదారుకు నష్టం రావచ్చు. ఎక్కడ అమ్మినా, 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో లాభంపై నూటికి 30 పన్ను తప్పదు.

కనుక మిత్రులారా, వికేంద్రీకరణ ధనవంతులయ్యే మంత్రం కాదు. దొంగ చేతికి తాళం ఇవ్వనక్కరలేని ఏర్పాటు మాత్రమే. ఆ తాళాన్ని భద్రంగా దాచుకునే బాధ్యత ఇక పూర్తిగా మనదే. స్కాలర్‌షిప్ డబ్బు అందులో పెట్టబోయే ముందు, ఆ బాధ్యత మోయగలమా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలన్నదే నా మనవి.