పెరటి కోళ్ళు, వాని శత్రువులు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు అను పల్లె యుండెడిది. 1998వ సంవత్సరమున అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించెను. పిదప ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేరొంది అద్దాల మేడలతో నిండిపోయెను. కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గ్రామములును నగరములో కలిసిపోయినవి. ఐనను ఆ పల్లెల పాత యిండ్లు మేడల నడుమ అక్కడక్కడ మిగిలియున్నవి. అట్టి యింటి పెరటిలో నాలుగు కోళ్ళు కనబడిన ఆశ్చర్యపడ నక్కరలేదు. పల్లె నగరమైనను కోడిని వేటాడు జంతువులు తొలగిపోలేదు; కొన్ని తగ్గినవి, కొన్ని హెచ్చినవి.

నక్క, బావురుపిల్లి బండలను, పొదలను ఆశ్రయించి బ్రతుకు జంతువులు. బండలు పగులగొట్టి మేడలు కట్టినకొలది వాని ఉనికికి తావు కరవైనది. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణము వంటి చోట్లనే అట్టి పొదలు మిగిలినవి. వీధికుక్క, ఊరపిల్లి, గ్రద్ద, పందికొక్కు మాత్రము మనుష్యుడు పారవేయు ఎంగిలి మెతుకులతోనే వృద్ధిపొందును.

గ్రద్దది పగటి వేట. కోడిపిల్లలకు దాని భయము మెండు. ఆకసమున శత్రువు కనబడినచో ఒక విధముగను, నేలమీద కనబడినచో వేరొక విధముగను కోళ్ళు కూయునని శాస్త్రజ్ఞులు పరిశీలించి కనుగొనిరి. మొదటి కూత విన్న కోళ్ళు చాటునకు పరుగెత్తి నక్కియుండును. రెండవది విన్నవి మెడ నిక్కించి నలుదెసల చూచును. కావున పెరటిలో దూరుట కొక చాటుండవలెను. మునగచెట్టు క్రింద తడిక వాల్చినను చాలును. బోడి పెరటిలో కోడి యెంత అరచి యేమి లాభము?

నగరపు అంచున రాజేంద్రనగరములో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన కోళ్ళ పరిశోధనా సంస్థ యున్నది. పెరటి పెంపకమునకై అచ్చట వనరాజ, గ్రామప్రియ అను కోళ్ళను రూపొందించిరి. వనరాజ ఈకలు రంగురంగులుగా నుండును. తెల్లకోడి దూరమునుండియే గ్రద్ద కంటబడును. రంగుల కోడి మట్టిలో, ఆకులలో కలిసిపోవును. వనరాజకు కాళ్ళును పొడవు, పరుగునకు అనుకూలము. ఐనను దాని పిల్లలను ఆరు వారములు లోపల వెచ్చగా పెంచి, పిమ్మటనే బయట విడువవలెను.

పగటి భయముకన్న రాత్రి భయము పెద్దది. చీకటిలో కోడికి చూపానదు. దాని పూర్వజాతియైన అడవికోడి ప్రొద్దు గ్రుంకగనే చెట్టుకొమ్మ నెక్కి పండుకొనును. పెరటికోడియు ఆ యలవాటు మానలేదు. గూటిలో అడ్డకఱ్ఱ యొకటి అమర్చినచో సంధ్యవేళకు తానే వచ్చి యెక్కును, వెంటబడి పట్టనక్కరలేదు. పూర్వము పిల్లలకోడిని గంపక్రింద కమ్మి, పైన రాయి పెట్టెడివారు. పిల్లి కది చాలును. కుక్కల గుంపు గంపను దొర్లించివేయును.

గూటిలో ముంగిసయో మానుపిల్లియో చొరబడినచో నష్టము ఘోరము. తెల్లవారి తలుపు తీసిన ఇల్లాలికి ఒక్క కోడి తినబడి, తక్కినవి మెడ కొరకబడి పడియుండుట కానవచ్చును. ఇది పగ కాదు. బయలులో ఒకదానిని పట్టగనే తక్కినవి పారిపోవును. మూసిన గూటిలో పారిపోవుటకు చోటులేదు. రెక్కలు కొట్టుకొనుచున్నంతవరకు వేటజంతువు కొరకుచునే యుండును. రక్షణకై కట్టిన గూడే, ఒక్క సందున్నచో, కోళ్ళకు బోనగును.

కోళ్ళ వల యని అంగళ్ళలో అమ్ము పలుచని తీగవల కోడిని లోపల నుంచగలదు గాని కుక్కను బయట నుంచలేదు. కుక్క పండ్లతో లాగి చింపును. గట్టి తీగలతో అతికిన, అర అంగుళమునకు మించని కన్నులు గల వల కావలెను. దానిని నేల వరకే ఆపక, ఒక అడుగు వెడల్పున బయటి వైపునకు మడచి మట్టి కప్పవలెను. త్రవ్వు జంతువు గోడ మొదటనే త్రవ్వును. అచ్చట వల తగిలినచో ఒక అడుగు వెనుకకు పోయి త్రవ్వవలెనన్న ఊహ దానికి సాధారణముగా కలుగదు.

పాము విషయము వేరు. నాగుపాము, జెర్రిపోతు కోడిపిల్లలకై వచ్చుట కద్దు; ఎలుకలకై వచ్చుట మరింత తరచు. సాయంకాలము గ్రుడ్లు ఏరి, మిగిలిన నూకలు ఊడ్చినచో ఎలుకలు తగ్గును. ఎలుకలు లేనిచోట పామునకు పని తక్కువ.

కొందరు విసిగి మాంసములో విషము కలిపి పెట్టుదురు. దానిని ఏ జంతువు తినునో పెట్టినవారికే తెలియదు. ముంగిసను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడను. అదియుగాక, ఎలుకలను, పాములను పట్టునది ముంగిసయే.

మేడలలో దీపములు వెలుగు వేళకు కోళ్ళను లెక్కించి గూటికి గడియ వేయవలెను. లెక్క తక్కువైనచో మొదట చెట్టుకొమ్మలు వెదకవలెను.