పలక నుండి తెర వరకు: కలకత్తా బాలవిద్య నేర్పే పాఠం

విద్యాసాధనాలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. తాటాకు వెళ్ళి పలక వచ్చింది. పలక ప్రక్కన అచ్చుపుస్తకం, పిదప రేడియో, చలనచిత్రం, టెలివిజన్, నేడు కంప్యూటరు, సెల్‌ఫోను వచ్చి చేరాయి. కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయుని ముందు ఒకే ప్రశ్న నిలుస్తుంది. ఈ వస్తువు బాలుని కేవలం ప్రేక్షకునిగా కూర్చోబెడుతుందా, లేక అతని చేత ఆలోచింపజేసి, మాట్లాడించి, ఏదైనా ఒకటి తయారు చేయిస్తుందా? ప్రాథమిక తరగతిలో డిజిటల్ సాధనాల విలువను నిర్ణయించవలసినది ఈ ప్రశ్నయే. దీనికి సమాధానం వెదికేవారికి కలకత్తా నగరం, అనగా నేటి కోల్‌కతా, మంచి ఉదాహరణలను అందిస్తున్నది.

అక్షరానికి ముందు బాలుడు

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో ‘వర్ణపరిచయ్’ అనే బాలవాచకాన్ని రెండు భాగాలుగా ప్రకటించారు. అప్పటికే ఆయనకు సొంత ముద్రణాలయం ఉన్నది. ఆనాటికి అచ్చుయంత్రమే కొత్త సాధనం. అయినప్పటికీ ఆయన తన ఆలోచనను యంత్రంతో కాక, అక్షరాలు దిద్దే పసివానితో ప్రారంభించారు. వాడుకలో లేని దీర్ఘ ౠకారాన్ని, ౡకారాన్ని వర్ణమాల నుండి తొలగించారు. సంయుక్తాక్షరమైన ‘క్ష’ను విడి అక్షరాల వరుసలో ఉంచలేదు. వంగ భాషలో ప్రత్యేకంగా పలికే ధ్వనులకు విడిగా స్థానం కల్పించారు. ఈ విధంగా 12 అచ్చులు, 40 హల్లులు గల వర్ణమాల ఏర్పడింది. బాలునికి అవసరం లేని భారాన్ని తగ్గించిన తరువాతనే ఆయన దానిని అచ్చుకు ఇచ్చారు. తెలుగు వర్ణమాల బోధించే ఉపాధ్యాయులకు కూడా ఈ సమస్య పరిచితమైనదే.

1930లో వెలువడిన రవీంద్రనాథ్ ఠాకూర్ ‘సహజ్ పాఠ్’ మరొక మెట్టు. దానికి నందలాల్ బోస్ చిత్రాలు వేశారు. అక్కడ బొమ్మ పుటకు అలంకారం మాత్రమే కాదు. అది పాఠంలో భాగం. అక్షరం చదవలేని పిల్లవాడు మొదట బొమ్మను చదువుతాడు.

చుక్కలలో దాగిన చిత్రం

ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి తన బాలల పుస్తకంలోని బొమ్మలు నాసిగా అచ్చుకావడం చూచి ఎంతో నొచ్చుకున్నారు. ఆ అసంతృప్తియే ఆయనను ‘హాఫ్‌టోన్’ ముద్రణా విధానంలో పరిశోధనకు పురికొల్పింది. ఈ విధానంలో ఛాయాచిత్రాన్ని చిన్నవి, పెద్దవి అయిన చుక్కలుగా విడగొడతారు. నల్లని సిరా ఒక్కటే ఉన్నా, చుక్కల పరిమాణాన్ని బట్టి కంటికి వెలుగునీడలు గోచరిస్తాయి. లండన్ నుండి వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో ఆయన వ్యాసాలు ప్రచురితమయ్యాయి. ఇంతటి శాస్త్రీయ కృషి చేసిన ఆయన 1913లో బాలల కొరకు ‘సందేశ్’ మాసపత్రికను స్థాపించారు.

నేటి సెల్‌ఫోను తెర కూడా చుక్కల సముదాయమే. ‘పిక్సెల్’ అని పిలిచే ఒక్కొక్క చుక్కకు ఒక సంఖ్య ఉంటుంది. కనుక డిజిటల్ చిత్రమంటే ఏమిటో తెలుపడానికి విలువైన యంత్రం అవసరం లేదు. ఒక వార్తాపత్రిక, ఒక భూతద్దం, గళ్ళ కాగితం చాలు.

మాటలు లేని కథ

ఉపేంద్రకిశోర్ మనుమడు సత్యజిత్ రాయ్. ఆగిపోయిన ‘సందేశ్’ను 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి ఆయన పునరుద్ధరించారు. 1964లో ‘టూ’ అనే పావుగంటకు మించని చిత్రాన్ని తీశారు. అందులో సంభాషణలు లేవు. ఖరీదైన ఆటబొమ్మల నడుమ ఒంటరిగా ఉన్న ధనికుల బాలుడు కిటికీలో నుండి బయటికి చూస్తాడు. క్రింద గుడిసె వద్ద పేదబాలుడు పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. అతడు ఏది చేసినా, మేడమీది బాలుడు అంతకంటె గొప్ప ఆటవస్తువును చూపి గెలవాలని చూస్తాడు. చివరకు పేదబాలుని గాలిపటాన్ని కూల్చివేస్తాడు. అయినా కొంతసేపటికి పిల్లనగ్రోవి మళ్ళీ వినిపిస్తుంది. గదిలో మరబొమ్మ నడచివచ్చి, కట్టిన గోపురాన్ని పడగొడుతుంది.

ప్రాథమిక తరగతికి ఇంతకంటె అనువైన చిత్రం అరుదు. మాటలు లేవు కనుక ఏ రాష్ట్రపు బాలుడైనా తన భాషలోనే దీనిని అర్థం చేసుకొంటాడు. వంగ బాలుడు వంగభాషలో, తెలుగు బాలిక తెలుగులో ఆ ఇద్దరికీ మాటలు సమకూర్చవచ్చును.

మూసిన తలుపుల కాలం

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వలన పాఠశాలలు మూతపడినప్పుడు ఆ చిత్రంలోని మేడకు, గుడిసెకు గల దూరం ప్రతి వీధిలోనూ కనిపించింది. ఇంట సెల్‌ఫోను, అంతర్జాల సదుపాయం ఉన్నవారికి తరగతి కొనసాగింది. లేనివారికి బడి కనుమరుగైంది. ఒకే ఫోను ఉన్న ఇంట తండ్రి పనికి వెళితే ఫోను కూడా అతనితో వెళ్ళేది. పశ్చిమ బెంగాలులో 2021లో ట్యాబ్ కొనుటకు 10,000 రూపాయల సహాయం 12వ తరగతి విద్యార్థులకు లభించింది. ఒకటవ తరగతి పిల్లలకు అటువంటి ఏర్పాటు లేదు. వారిలో అనేకులకు చేరినది కాగితమే. మధ్యాహ్న భోజన పథకపు సరకులు తీసికొనుటకు వచ్చిన తల్లిదండ్రుల చేతికి అభ్యాసపత్రాలు కూడా అందించారు. 2022 ఫిబ్రవరి 7న ‘పాడాయ్ శిక్షాలయ్’, అనగా పేటలోని బడి, అనే పేరుతో ఆరుబయట తరగతులు ఆరంభమయ్యాయి. అదే నెల 16న ప్రాథమిక పాఠశాలలు తెరచుకున్నాయి. అక్షరాలు నేర్వవలసిన వయస్సులో ఇంచుమించు రెండు సంవత్సరాలు బడి లేకుండా గడచిపోయాయి.

సాధనం కొద్దిమందికే పరిమితమైతే అది వంతెన కాక గోడ అవుతుంది. దీనికి విరుగుడు కూడా మన అనుభవంలో ఉన్నది. కలకత్తాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే విజ్ఞాన ప్రదర్శనను బస్సులో అమర్చి విద్యార్థుల వద్దకు పంపింది. 1975-76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో ప్రసారమైన బాలల పాఠాలను పిల్లలు ఒకే టెలివిజన్ ముందు గుమికూడి చూచారు. సాధనం ఒక్కటే అయినా నేర్చినవారు అనేకులు.

తరగతిలో ఆచరణ

ఒకే ఫోను, ఒకే ఉపాధ్యాయుడు ఉన్న తరగతిలో సైతం ఈ పాఠాన్ని మూడు దశలలో నడపవచ్చును.

మొదటి దశ: వార్తాపత్రికలోని ఛాయాచిత్రాన్ని భూతద్దంతో పిల్లలు పరిశీలించాలి. దగ్గరగా చుక్కలు, దూరంగా ముఖం కనిపించడం గురించి వారి చేతనే చెప్పించాలి.

రెండవ దశ: అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్ళు గీయించాలి. ఒక బాలిక కొన్ని గళ్ళను నలుపు చేసి ఒక అక్షరాన్నో, పక్షినో రూపొందిస్తుంది. తరువాత నల్లని గడికి 1, తెల్లని గడికి 0 అని వరుసగా చదువుతుంది. బొమ్మను చూడని మరొక బాలుడు ఆ అంకెలు విని తన కాగితంపై గళ్ళు నింపుతాడు. రెండు బొమ్మలను పోల్చి చూడాలి. ఒక్క అంకె తప్పినా ఎక్కడ తప్పినదో పిల్లలే పట్టుకొంటారు. చిత్రం అంకెలుగా మారి దూరదేశానికి ఎలా వెళుతుందో వారికి ఇట్టే బోధపడుతుంది.

మూడవ దశ: మాటలు లేని ఒక చిన్న చిత్రాన్ని అందరికీ కలిపి చూపాలి. మధ్యలో ఆపి, తరువాత ఏమి జరుగునో అడగాలి. పిల్లలు జట్లుగా సంభాషణలు వ్రాసి, బొమ్మలు గీసి, తమ కంఠాలతో ఫోనులో ధ్వనిముద్రణ చేయాలి. ఇంట వేరే భాష మాట్లాడే బాలుని మాటలకు కూడా అందులో చోటు ఉండాలి.

ఈ మూడు దశలలోనూ యంత్రం పని స్వల్పం, పిల్లల పని అధికం. విద్యాసాగర్ చేతిలోని అచ్చుయంత్రం గాని, ఉపేంద్రకిశోర్ చుక్కలు గాని బాలుని ఉద్దేశించి వినియోగింపబడినందువలననే సార్థకమయ్యాయి. నేటి తెరకు కూడా ఇదే కొలబద్ద. తెరను ఆపిన తరువాత తరగతిలో పిల్లల మాటలు వినవస్తే ఆ పాఠం ఫలించినట్లే.