నాలుగు రోజుల గాలం పోటీ: ఒక పొలం లెక్క

గాలం వేసి కూర్చోవడం కూడా ఒక పోటీయేనా, అదీ నాలుగు రోజుల పాటా అని మిత్రులు నవ్వవచ్చు. మొదట నేనూ నవ్వాను. నేను గాలం పట్టింది మా ఊరి చెరువుగట్టు మీదే. కాని బ్రిటన్, ఐర్లాండ్ తీరాల్లో చిన్న పడవల మీద జరిగే సముద్రపు గాలం పోటీల నియమాలు చదివిన కొద్దీ, ఇది చేపల కథ కాదనీ, గణాంకశాస్త్రంలో మనం కష్టపడి చదువుకునే పాఠమేననీ నాకు అనిపించింది. ఆ పాఠాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోటీ ఎలా ఉంటుంది?

ఒక చిన్న పడవలో ముగ్గురో నలుగురో ఎక్కుతారు. ప్రతివాడికీ ఒక గాలపు కర్ర, దారం చుట్టిన రీలు, సీసపు గుండు, ఎర. ఉదయం ఫలానా గంటకి గాలాలు నీళ్లలో పడాలి, సాయంత్రం ఫలానా గంటకి పైకి రావాలి. పట్టిన చేపకి జాతిని బట్టి, పొడవును బట్టి పాయింట్లు. అంతర్జాతీయ క్రీడా మత్స్య సంఘం 1939లో ఏర్పడింది. గాలానికి పడ్డ చేపని ఒక్కడే పైకి తేవాలి, మరొకడు కర్రని గాని రీలుని గాని ముట్టుకోకూడదన్నది దాని రికార్డుల నియమాల్లో ముఖ్యమైనది. ఇంతవరకు బాగానే ఉంది. మరి ఒక్క రోజుతో తేల్చేయకుండా నాలుగైదు రోజులు ఎందుకు?

సముద్రం ఒక రోజులా మరో రోజు ఉండదు

మొదటి కారణం ఆటుపోట్లు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మొదటి రోజు ఉదయం 8 గంటలకి నిండు పోటు వస్తే, నాలుగో రోజు అది పదిన్నరకి వస్తుంది. పోటీ వేళలు మాత్రం మారవు. కాబట్టి ఆటులో మాత్రమే చేపని పట్టడం తెలిసినవాడు మొదటి రోజు గెలిచినా, నాలుగో రోజు తేలిపోతాడు.

మన విశాఖపట్నంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లే. ఇంగ్లీషు చానల్లోని జెర్సీ ద్వీపం దగ్గర అది సుమారు 12 మీటర్లు! మన మూడంతస్తుల మేడకన్నా ఎక్కువ. అక్కడి పడవవాళ్లు దీనికి ఒక నోటి లెక్క వాడతారు. ఆటు మొదలయ్యాక ఆరు గంటల్లో నీరు గంటకి వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతుల చొప్పున, మొత్తం 12 వంతులు దిగుతుంది. అంటే మూడో గంటలోను, నాలుగో గంటలోను ప్రవాహం ఉద్ధృతంగా ఉంటుంది. అప్పుడు తేలిక గుండు కడితే ఎర అడుగుకి చేరదు, కొట్టుకుపోతుంది. గంట గంటకీ గుండు మార్చుకోవాలి. ఇది నేర్పు.

రెండో కారణం పడవలో కూర్చునే చోటు. లంగరు వేసిన పడవ ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడుతుంది. ఎర వాసన నీటితో పాటు పడవ వెనక్కి పోతుంది. ఆ వాసన పట్టుకుని ఎదురీదుకుంటూ వచ్చే చేపకి ముందుగా కనబడేది వెనక కూర్చున్నవాడి గాలం. ముందు కూర్చున్నవాడు ఎంత నేర్పరి అయినా, అతని దగ్గరికి చేరేది వెనకవాడు వదిలేసిన చేప.

ఇది చదవగానే నాకు మా కాలవ గుర్తొచ్చింది. కాలవ మొదట్లో పొలం ఉన్నవాడి చేను ముందు తడుస్తుంది. మాది శివారు భూమి. అందరి చేలూ నిండాక మిగిలిన నీళ్లే మాకు. అందుకే పూర్వం నుంచీ రైతులు వంతులు పెట్టుకున్నారు. గాలం పోటీ నిర్వాహకులు చేసేదీ అదే. ఎవరు ఏ పడవ ఎక్కాలో చీటీలు తీస్తారు. మర్నాడు పడవ మారుస్తారు. పడవలోని చోట్లు కూడా వంతులవారీగా తిప్పుతారు.

ఫిషర్ గారి పొలం

రొనాల్డ్ ఫిషర్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. పేరులో చేపలవాడు ఉన్నా ఆయన పని పొలాలతో. ఏ ఎరువు మంచిదో తేల్చాలంటే, ఒక మడిలో ఒక ఎరువు, పక్క మడిలో మరో ఎరువు వేసి చూస్తే చాలదని ఆయన చెప్పాడు. మొదటి మడి నేలే సారవంతమైందేమో! కాబట్టి ఏ ఎరువు ఏ మడికో చీటీ వేసి నిర్ణయించాలి. ఒక్క మడిలో కాదు, చాలా మడుల్లో చెయ్యాలి. ఒకేలాంటి నేలలోనే ఒకదానితో ఒకటి పోల్చాలి. 1935లో అచ్చయిన ఆయన ప్రయోగ రచనా గ్రంథంలో ఈ సూత్రాలన్నీ ఉన్నాయి.

ఇప్పుడు పడవ చూడండి. క, ఖ, గ, ఘ అనే నలుగురు ఒకే పడవలో నాలుగు రోజులూ ఉన్నారనుకుందాం. ముందు నుంచి వెనకకి వాళ్ల చోట్లు ఇవి:

మొదటి రోజు: క ఖ గ ఘ
రెండో రోజు: ఖ గ ఘ క
మూడో రోజు: గ ఘ క ఖ
నాలుగో రోజు: ఘ క ఖ గ

ప్రతివాడూ ప్రతి చోటా ఒక్కసారి కూర్చున్నాడు. మన పాఠ్యపుస్తకంలోని లాటిన్ చతురస్రం ఇదే! ఇక కొన్ని పోటీల్లో ఒక పడవలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడికి 100 ఇచ్చి, మిగతావాళ్లకి ఆ నిష్పత్తిలో ఇస్తారు. దీనివల్ల చేపలున్న చోటికి వెళ్లిన పడవవాడికి అదనపు లాభం ఉండదు. పడవ ఒక మడి అన్నమాట.

నాలుగు రోజులు చాలతాయా?

ఇక్కడే నేను కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఒక మంచి గాలగాడికి రోజుకి సగటున 5 చేపలు, మామూలువాడికి 4 పడతాయనుకుందాం. అంటే మొదటివాడు పాతిక శాతం మెరుగు. పాయిజాన్ విభాజనం ప్రకారం లెక్క కడితే, ఒక్క రోజు పోటీలో మామూలువాడే గెలిచే అవకాశం నూటికి సుమారు 31. నాలుగు రోజుల మొత్తం తీసుకుంటే అది సుమారు 23కి దిగుతుంది. పదహారు రోజులు ఆడితే గాని 8 లేక 9కి రాదు. అదైనా చేపలు ఒక్కొక్కటిగా, దేనికది వస్తాయనుకుంటేనే. నిజంగా అవి గుంపులుగా వస్తాయి కాబట్టి అదృష్టం పాలు ఇంకా పెరుగుతుంది.

చీటీలు తీసి, చోట్లు తిప్పి, నాలుగు రోజులు ఆడించినా దాదాపు నాలుగోవంతు సార్లు తక్కువ నేర్పున్నవాడి మెడలోనే దండ పడుతుంది! ఈ అంకె చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను.

నియమం చేపనీ కాపాడుతుంది

దేన్ని లెక్కిస్తామో దానికోసమే మనిషి పనిచేస్తాడు. బరువుకి పాయింట్లు ఇచ్చిన రోజుల్లో చేపని ఒడ్డుకి తెచ్చి తూచాలి కాబట్టి అది చచ్చేది. పొడవు కొలిచే పద్ధతిలో పడవలోనే కొలిచి వెంటనే నీళ్లలోకి వదలవచ్చు. అయితే 30 మీటర్ల లోతులో పీడనం 4 వాతావరణాలు, పైన ఒకటే. బాయిల్ సూత్రం ప్రకారం, గాలితిత్తి మూసుకుని ఉండే కాడ్ వంటి చేపని గబగబా పైకి లాగితే తిత్తిలోని వాయువు నాలుగింతలవ్వాలని చూస్తుంది. ఆ చేపని ఊరికే వదిలేస్తే మునగలేక తేలిపోతుంది. బరువు కట్టి మళ్లీ లోతుకి దింపి విడిచే పరికరాలు వచ్చింది ఇందుకే.

గాలి ఎక్కువైన రోజు నిర్వాహకులు పోటీ ఆపేస్తారు. ఆ రోజు ఎవరి ఖాతాలోనూ ఉండదు. హాస్టల్లో నా గది మిత్రుడిది విశాఖ వైపు మత్స్యకార కుటుంబం. వాళ్ల నాన్నగారు గాలంతో సూర, కోనెం పట్టేవారు. ఈ సంగతి చెబితే వాడన్నాడు: “మీ పోటీలో ఆగిపోయిన రోజు లెక్కలోకి రాదురా. మా ఇంట్లో ఆ రోజే ముందు లెక్కలోకొస్తుంది.” దానికి నా దగ్గర జవాబు లేదు.

మా ఇంట్లోనూ అంతే. ఒక ఏడు తుపానుకి చేను పడిపోతే, “వ్యవసాయం చేతకానివాడు” అని మా నాన్నగారిని ఊళ్లో అన్నవాళ్లున్నారు. అప్పిచ్చేవాళ్లూ ఆ మాటే పట్టుకున్నారు. అది ఒక్క పంట, అదీ శివారు చేలో. అంటే ఒకే రోజు, పడవ ముందు భాగంలో కూర్చున్నట్టు. సరదా కోసం గాలం వేసేవాడికే చీటీ, వంతు, నాలుగు రోజుల గడువు ఇచ్చి, ఆగిన రోజుని మాఫీ చేసిన మనిషి, బతుకు కోసం గాలమో నాగలో పట్టినవాడిని ఒక్క రోజు చూసి తీర్పు చెప్పేస్తాడు! నాలుగు రోజులే చాలవని లెక్క చెబుతున్నప్పుడు, ఒక్క ఏడాది పంట చూసి, మూడు గంటల పరీక్ష చూసి ఒక మనిషి విలువ కట్టేముందు మనం అడగవలసిన ప్రశ్నలు మూడు: ఏ చోట కూర్చున్నాడు? ఎన్ని రోజులు చూశాం? ఆగిన రోజుని ఎవరి ఖాతాలో రాశాం?