సగటు గీత దగ్గర కొనేయాలా?

ప్రశ్న: నా ఐటీ షేరు 200 రోజుల సగటు గీత దగ్గరికి దిగింది. అక్కడ 'మద్దతు' ఉందంటున్నారు. ఇంకొన్ని కొననా?

జవాబు: తొందరపడకండి. ఆ గీత గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరల సగటు, అంతే. జరిగింది చెబుతుంది, జరగబోయేది కాదు. కంపెనీ త్రైమాసిక ఫలితాల వేళ ఇలాంటి మద్దతులు మంచులా కరుగుతాయి. 2023 ఏప్రిల్ 13 సాయంత్రం ఇన్ఫోసిస్ ఫలితాలొచ్చాయి. సెలవుల తర్వాత 17న షేరు భారీగా కిందే తెరుచుకుని, 9 శాతానికి పైగా నష్టంతో ముగిసింది. అలాంటి రోజున స్టాప్‌లాస్ (ధర పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డరు) ఉన్నా మీరనుకున్న ధర దొరకదు.

అందుకే మీ కంపెనీ ఫలితాలయ్యేదాకా ఆగండి. తర్వాత ధర వారంపాటు గీతపైన నిలిచి, వాల్యూమ్ కూడా పెరిగితే విడతలుగా కొనండి. అప్పు చేసి మాత్రం వద్దు. పొదుపులో పెద్దభాగం ఈ ఒక్క షేరులోనే ఉంటే టెలిగ్రామ్ చిట్కాలు పక్కనపెట్టి, సెబీలో నమోదైన సలహాదారును కలవండి.